మచ్చిక పడే వయసు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పశువైద్యుడిగా ముప్ఫై ఏళ్లు పనిచేశావు కదా, పదిమందికీ పనికొచ్చేది ఏదైనా చెప్పమని మన కార్యదర్శి అడిగారు. ఒకప్పుడు మన బ్యాచ్ వాళ్లు ఫోన్ చేస్తే గేదె పాలు తగ్గించిందనో, దూడ మేత ముట్టడం లేదనో చెప్పేవారు. ఇప్పుడు పిల్లలు ఉద్యోగాలకని దూరం వెళ్లారు, ఇళ్లలోకి కుక్కపిల్లలు వచ్చాయి. "ఒరేయ్ డాక్టరూ, ఎవరొచ్చినా మావాడు మంచం కింద దూరుతున్నాడురా", "ఇంకో కుక్క కనబడితే చాలు, మా దానికి పూనకమే". ఈ ఫోన్లే ఎక్కువ. అందుకే ఈ సంగతే మాట్లాడతాను.

కుక్కపిల్లకు మచ్చిక పడే వయసు ఒకటుంది. సుమారుగా మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని జాక్సన్ ప్రయోగశాలలో దీన్ని పరీక్షించి 1961లో ప్రచురించారు. ఎత్తైన కంచె మధ్య, మనుషులతో సంబంధం లేకుండా కుక్కపిల్లలను పెంచారు. కొన్నింటిని రెండు నుంచి తొమ్మిది వారాల మధ్య వేర్వేరు వయసుల్లో ఒక్కో వారం మనుషుల దగ్గర ఉంచారు. పద్నాలుగు వారాల దాకా మనిషిని ఎరగనివి మాత్రం ఆ తర్వాత ఎంత ఓర్పుగా దగ్గరకు తీసినా బెదురుగానే ఉండిపోయాయి. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవాళ్లు ఊరికే అనలేదు.

చిక్కల్లా ఇక్కడే ఉంది. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున పదహారో వారం దాకా సాగుతాయి. అవి పూర్తయ్యేదాకా గడప దాటించకూడదని చాలామంది పిల్లను ఇంట్లోనే కట్టి ఉంచుతారు. పార్వో జబ్బు ప్రాణం తీస్తుంది, ఆ భయం నిజమే. కానీ టీకాలు పూర్తయ్యేసరికి మచ్చిక పడే వయసూ దాటిపోతుంది.

రెండూ కాపాడుకునే దారి ఉంది. మొదటి టీకా వేసి, నట్టల మందు పట్టించిన వారం తర్వాత పిల్లను చంకనెత్తుకుని వీధి చూపించండి. ఊరకుక్కలు తిరిగేచోట నేల మీద దించకండి. టీకాలు వేయించిన కుక్కలున్న ఇళ్లకు తీసుకెళ్లండి.

ఏమేం చూపించాలి? గడ్డం ఉన్నవాళ్లను, హెల్మెట్ పెట్టుకున్నవాళ్లను, కర్ర పట్టుకున్న తాతను, గ్యాస్ బండ మోసుకొచ్చే అబ్బాయిని, బడి పిల్లలను. కుక్కర్ విజిల్, ఆటో హారన్, పెళ్లి డప్పులు కాస్త దూరం నుంచి వినిపించండి. ప్రతి కొత్తదానితోపాటు నోటికి చిన్న తిండి ముక్క అందించండి. ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చకండి; దానంతట అదే దగ్గరకు రావాలి. తోక కాళ్ల మధ్యకు పోయినా, మొహం తిప్పేసుకున్నా, ఊరికే పెదాలు నాక్కున్నా, అప్పటికి చాలని అర్థం. వెనక్కి తీసుకురండి. భయపెట్టి అలవాటు చేస్తే భయమే అలవాటవుతుంది.

ఇక తోటి కుక్కల సంగతి. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివారికి నొప్పో పిల్ల నేర్చుకునేది తల్లి దగ్గర, తోడపుట్టినవాటితో ఆడుతూనే. నెలరోజుల పిల్లను అమ్మజూపితే తీసుకోకండి. ఎనిమిది వారాలు నిండనివ్వండి. మొదటి స్నేహానికి నెమ్మదైన పెద్ద కుక్క ఒక్కటి చాలు. ఆటలో ఒకసారి ఇది కిందపడాలి, ఒకసారి అది. ఒక్కటే ఎప్పుడూ నలిగిపోతుంటే విడదీయండి. విడదీశాక అదే మళ్లీ ఆటకు వెళితే ఫరవాలేదు. నాటు పిల్లయినా, లాబ్రడార్ అయినా పాఠం ఒకటే.

ఇంత చెప్పడం ఎందుకంటే, బెదురుతో పెరిగిన కుక్క చివరికి గేటుకు కట్టిన గొలుసుతో బతుకుతుంది. ఒకరోజు పక్కింటి పాపను కరుస్తుంది. ఆ తర్వాత దాన్ని ఊరవతల వదిలేసి వస్తారు. అలా వదిలేసినవాటికి వైద్యం చేశాను, వాటి కళ్లు చూశాను. వయసు దాటినవాటినీ మార్చవచ్చు, కానీ రెండు నెలల పని ఏళ్లు పడుతుంది. ఎంత సాధువైన కుక్కకైనా మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి, డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ వేయించాలి.

గురువులకు ఒక్క మనవి. ప్రార్థన సమయంలో పిల్లలకు మూడు మాటలు చెప్పండి. తింటున్న, నిద్రపోతున్న కుక్కను ముట్టుకోవద్దు. యజమానిని అడగకుండా ఏ కుక్కనూ నిమరొద్దు. కరిచినా, గీరినా దాచకుండా ఇంట్లో చెప్పాలి. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఒకటో తరగతిలో ఏడుస్తూ వచ్చిన మమ్మల్ని పదిమందిలో కలిపింది మీరే. ఆ ఓర్పు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.