లోపల మిగిలిన గాలికి లెక్క
(తడలో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లు రాసిన గుమాస్తాను. అయినా ఆయాసం గురించి రెండు మాటలు చెప్పాలని నిలబడ్డాను.

మనవళ్లతో ఉబ్బలమడుగు వెళ్లినప్పుడు సగం దారిలోనే కూర్చుండిపోయాను. "వయసు కదా" అనుకున్నాను. రెండేళ్లు అలాగే అనుకున్నాను. చివరికి మా వాడు బలవంతాన ఒక ఆసుపత్రికి తీసుకువెళ్లాడు.

ఊపిరి ఎంత గట్టిగా వదిలినా కొంత గాలి లోపలే మిగిలిపోతుంది. బయటికి రాని దాన్ని కొలవడం ఎలా? పానకం కలిపే ఆడవారికి ఇది తెలిసిన లెక్కే. కుండలో నీళ్లెన్నో తెలియకపోయినా, వేసిన బెల్లం ఎంతో తెలిస్తే, తీపిని బట్టి నీళ్లెన్నో చెప్పవచ్చు. ఇక్కడ బెల్లం బదులు హీలియం. అది రక్తంలో దాదాపు కలవదు, దేనితోనూ చర్య జరపదు. ఉదాహరణకు యంత్రంలో 6 లీటర్ల గాలి, అందులో 10 శాతం హీలియం ఉందనుకోండి. మనం కాసేపు ఆ గాలినే పీల్చి వదిలాక అది 6 శాతానికి దిగితే, మొత్తం గాలి 10 లీటర్లు. అంటే 4 లీటర్లు మన ఊపిరితిత్తులవి.

ఈ హీలియం కథలో మన తెలుగు నేల కూడా ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు నుంచే సూర్యుని అంచు వెలుగును పరిశీలించారు. ఆ ఏటి పరిశీలనల్లో కనబడిన కొత్త పసుపు గీతే ఈ వాయువుకు తొలి జాడ. భూమి మీద దాన్ని 1895లో రామ్సే పట్టుకున్నారు.

గుండెకూ ఇలాంటి పద్ధతే ఉంది, కాని అన్నిచోట్లా దొరకదు. రక్తంలో కరిగే వాయువు ఒకటి, కరగనిది ఒకటి, కొద్ది కొద్దిగా కలిపి పీల్పిస్తారు. కరిగేదాన్ని రక్తం ఎంత వేగంగా తీసుకుపోతుందో చూస్తే, గుండె నిమిషానికి ఎంత రక్తం తోస్తుందో తెలుస్తుంది. విశ్రాంతిలో అది సుమారు 5 లీటర్లు. ఆయాసం గుండెదా, ఊపిరిదా అని తేల్చడానికి ఇలాంటి కొలతలు సాయపడతాయి.

ఇక నా సంగతి. మొదటి పరీక్షలో లోపల గాలి చాలా ఎక్కువగా మిగులుతోందని వచ్చింది. ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. పెన్షన్ పుస్తకం, బ్యాంకు కాగితాలు ఒక సంచిలో పెట్టి మా ఇంటావిడకు చూపించాను. ఆవిడ కాగితాలు చూడలేదు, నా ముఖం చూసింది. "మళ్లీ చేయించుకోండి" అంది.

రెండోసారి, మరో చోట, పరీక్ష చేసే అమ్మాయి నా కట్టుడు పళ్లు వదులుగా ఉన్నాయని గమనించింది. పెదవుల పక్కనుంచి గాలి పోతే హీలియమూ పోతుంది. దాని శాతం ఇంకా తగ్గి, ఊపిరితిత్తులు ఉన్నదానికంటే పెద్దవిగా లెక్కకు వస్తాయి. పళ్లు సరిచేయించుకున్నాక లెక్క మారింది. జబ్బు లేదని కాదు. కొంత ఉంది, పీల్చే మందు వాడుతున్నాను. కాని సంచి సర్దుకోవలసినంత లేదు.

అందుచేత నా మనవి ఇదే. ఆయాసాన్ని వయసు ఖాతాలో రాసేయకండి. పరీక్షకు ముందు కట్టుడు పళ్ల సంగతి చెప్పండి, గొట్టాన్ని పెదవులతో గట్టిగా పట్టండి. లెక్క అనుమానంగా ఉంటే మళ్లీ చేయమని అడగండి. తప్పిన కూడికను మళ్లీ కూడటం మనకు కొత్త కాదు. అన్నిటికంటే ముందు, ఇంట్లో వారికి చెప్పండి.