గేదె మేతకు లోటు రాకుండా పుట్టగొడుగులు

(పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాల సంఘంలో పుట్టగొడుగుల మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. పశువు పెద్దపొట్టలో గడ్డి పీచును విడగొట్టే సూక్ష్మజీవుల్లో శిలీంధ్రాలు, అంటే బూజు తెగవి కూడా ఉన్నాయని 1975లో ఇంగ్లండులో కోలిన్ ఆర్పిన్ అనే శాస్త్రజ్ఞుడు తేల్చాడు. ఆ తెగలోనే వేరే రకాలను బయట పెంచి మనిషికి మాంసకృత్తుల ఆహారం తయారు చేయవచ్చు. బ్రిటనులో గోధుమ పిండి నుంచి తీసిన చక్కెర పాకంలో ఒక బూజును పెద్ద తొట్లలో పెంచి, 1985 నుంచి క్వార్న్ అనే పేరుతో అమ్ముతున్నారు. అంత యంత్రాంగం మనకెక్కడిది? మనకున్నది వరిగడ్డి.

చిక్కంతా ఆ గడ్డి దగ్గరే. వరిగడ్డి పుట్టగొడుగు మన ఉక్కకు బాగా వస్తుంది. కాని దానికి చేత్తో కోసి నూర్చిన, నలగని పొడుగు గడ్డి కావాలి. గేదె కోసం మేటు వేసుకునేది కూడా ఆ గడ్డే. వంద కిలోల గడ్డికి దక్కే పంట 10 నుంచి 15 కిలోలు. ఇంట్లో పాడి ఉన్నవారు దీనికోసం మేటు కదపడం దండగని నా అభిప్రాయం.

ముత్యపుచిప్ప పుట్టగొడుగు సంగతి వేరు. దానికి ముక్కలైన గడ్డి చాలు. సార్వా చేలను యంత్రంతో కోసినచోట నలిగిన గడ్డి పడి ఉంటుంది. దాళ్వా తొందరలో దానికి నిప్పు పెట్టేవారూ ఉన్నారు. పశువుకు పెట్టగా మిగిలిన ఆ గడ్డిని వానకు తడవకముందే ఎత్తుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉండే చల్లదనమే ఈ రకానికి అనువు.

గడ్డిని రెండంగుళాల ముక్కలు చేసి, రాత్రి నానబెట్టి, బాగా కాగిన నీటిలో అరగంట నుంచి గంట ఉంచాలి. తరువాత నీరు ఓడ్చి నీడన ఆరబెట్టాలి. పిడికిట పిండితే తడి తెలియాలి గాని చుక్క కారకూడదు. ప్లాస్టిక్ సంచిలో వరసకు కొంత విత్తనం చల్లుతూ నింపి, సంచికి చిల్లులు పెట్టి చీకటి గదిలో ఉంచితే, పదిహేను ఇరవై రోజుల్లో తెల్లగా అల్లుకుంటుంది. అప్పుడు గాలి, వెలుతురు తగలనిచ్చి, రోజూ నీరు చిలకరించాలి. కిలో ఎండుగడ్డికి రెండు మూడు కోతల్లో అరకిలోకు తక్కువ కాకుండా రావాలి. పశువుల కొట్టంలో మాత్రం వద్దు, ఈగలు చేరతాయి.

దీనిని మాంసానికి సాటి అని ప్రచారం చేసేవారిని నమ్మకండి. పచ్చి పుట్టగొడుగులో పదింట తొమ్మిది వంతులు నీరే. కిలోకు మాంసకృత్తులు సుమారు 30 గ్రాములు. లీటరు గేదెపాలలో అంతకంటె ఎక్కువే ఉంటాయి. కిలో కందిపప్పులో 200 గ్రాములు దాటుతాయి. అయితే పాలన్నీ కేంద్రానికి పోసి, పిల్లలకు పలుచని మజ్జిగ మిగిల్చే ఇళ్లు మనలో లేవా? ఆ ఇంటి కూరకు ఇది అక్కరకు వస్తుంది.

కొందరు గడ్డిని కాచకుండా ఫార్మలిన్, కార్బెండజిం కలిపిన నీటిలో నానబెడతారు. ఆ గడ్డిని పంట అయ్యాక పశువుకు వేయవద్దు. పచ్చబూజు పట్టిన సంచి కూడా అంతే. రెండూ ఎరువు గుంతలోకే. గొడుగులు పూర్తిగా విచ్చుకోకముందే కోయండి. ఆ పొడి పీలిస్తే కొందరికి దగ్గు పట్టుకుంటుంది. గట్లమీద మొలిచినవాటిని విత్తనంగా వాడే ప్రయత్నం చేయకండి, విషపురకాలు ఉంటాయి.

విత్తనం గురించి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. అది ఎక్కువ రోజులు నిలవదు కనుక, గడ్డి సిద్ధమైన తరువాతే ఊళ్లో నలుగురైదుగురు కలిసి తెప్పించుకోండి.