న్యాయస్థానపు మొదటి మెట్టు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామమున లెక్కలు వ్రాసి జీవించు నేను న్యాయశాస్త్ర పండితుడను కాను. అయినను, చేతనున్న కాగితమునకు అర్థము తెలియక హక్కు పోగొట్టుకొనినవారిని మనమందరము ఎరుగుదుము. ఈ చిక్కు మనకొక్కరికే కాదు. కెనడా దేశపు పశ్చిమ తీరమున నున్న బ్రిటిష్ కొలంబియా రాష్ట్రమువారు దీనిని ఎట్లు ఎదుర్కొనిరో మనవి చేసెదను.

ఆ రాష్ట్రమున ప్రొవిన్షియల్ కోర్టు, దానిపై సుప్రీంకోర్టు, ఆపైన అప్పీలు కోర్టు కలవు. అచటి సుప్రీంకోర్టు పేరునకే సుప్రీము; యావద్దేశమునకు తుది తీర్పు చెప్పునది ఒట్టావా నగరమందలి కెనడా సుప్రీంకోర్టు. మెట్లన్నియు చక్కగనే యున్నవి. బీదవాడు మొదటి మెట్టెక్కుట యెట్లన్నదే ప్రశ్న.

1969లో వారొక ఉపాయము పన్నిరి. న్యాయవాదులు పలువురు కక్షిదారుల సొమ్మును ఒక్క ఖాతాలో నుంచుదురు. ఒక్కొక్కని వంతు వడ్డీ మిక్కిలి స్వల్పము. ఆ చిల్లర వడ్డీ యంతయు లా ఫౌండేషన్ అను సంస్థకు చేరునట్లు చట్టము చేసిరి. న్యాయసహాయమునకు, న్యాయ గ్రంథాలయములకు, ప్రజలకు చట్టము తెలుపుటకు ఆ నిధి వినియోగపడుచున్నది. ఎవరి పద్దులోను కనబడని కాసులు పదిమందికి అక్కరకు వచ్చుట లెక్కలవానికి ముచ్చట గొలుపు విషయము.

ప్రభుత్వ ధనముతో బీదలకు వకీలు నిచ్చు సంస్థయు కలదు. దానికి 2020 నుండి లీగల్ ఎయిడ్ బి.సి. అని పేరు. అయితే 2002లో ప్రభుత్వము న్యాయసహాయపు నిధులను చాల తగ్గించినది. కుటుంబ వివాదములలోను, ఇంటి అద్దె వంటి తగవులలోను బీదలకు ఆసరా సన్నగిల్లినది. ఖజానా దయపైననే నిలిచిన న్యాయము ఖజానా వట్టిపోయిన నాడు తానును వట్టిపోవును.

2014 నాటి తీర్పొకటి చెప్పవలెను. బిడ్డ సంరక్షణకై ఒక తల్లి ఆ రాష్ట్రపు కోర్టు కెక్కెను. పది దినముల విచారణకు రుసుమే సుమారు 3,600 డాలర్లు; అది ఆ కుటుంబపు నెల రాబడికి దాదాపు సమానము. నిరుపేదలకు రుసుము మినహాయింపు కలదు, కాని ఆమె నిరుపేద కాదు. చెల్లింపగల ధనికురాలును కాదు. కెనడా సుప్రీంకోర్టు ఆ రుసుమును కొట్టివేసినది. కోర్టు రుసుము వసూలు చేయుట తప్పు కాదు గాని, సంసారపు అవసరములు మానుకొననిదే కోర్టు గడప తొక్కలేని స్థితి కల్పించుట రాజ్యాంగ విరుద్ధమని తేల్చినది. అన్నమో న్యాయమో ఏదో ఒకటే కోరుకొనుమని రాజ్యము ప్రజతో అనరాదు గదా!

2016లో అచట సివిల్ రిజల్యూషన్ ట్రిబ్యునల్ పని ప్రారంభించెను. 2017 నుండి 5,000 డాలర్ల వరకు గల చిన్న బాకీ తగవులు అది చేపట్టినది. కక్షిదారులు సాధారణముగా వకీలు లేకయే కంప్యూటరు ద్వారా తమ గోడు చెప్పుకొందురు. ముందు రాజీకి యత్నము, కుదరనిచో తీర్పు.

ఈ సౌకర్యములన్నిటికి మూలము చట్టము సామాన్యునికి బోధపడుటయే. 13వ శతాబ్దమున మూలఘటిక కేతన మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగున వెలయించెను. సంస్కృతమెరుగని వానికి సైతము ధర్మశాస్త్రమట్లు అందివచ్చినది. బ్రిటిష్ కొలంబియాలో కోర్టు గ్రంథాలయ సంస్థ న్యాయగ్రంథములు కొనుటకై ఊరి గ్రంథాలయములకు సాయము చేయుటయు ఆ కోవలోనిదే.

మనకును చట్టము కలదు. 1976లో రాజ్యాంగమున 39-ఏ అధికరణము చేరినది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టము 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చినది. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి రాబడితో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయము లభించును. ఈ మాట తెలియని ఇల్లాలికి ఆ చట్టము ఉండియు లేనట్లే.

కావున నాదొక్క విన్నపము. ఈ రజతోత్సవ సంవత్సరమున మన గ్రంథాలయమందొక బీరువా తెలుగు చట్టగ్రంథములకు కేటాయింపుడు. వారమున కొక సాయంకాలము చదువరియొకడు చదువురాని వారికి వారి కాగితములు చదివి వినిపించుగాక. న్యాయస్థానమునకు మొదటి మెట్టు మన ఊరనే కట్టుకొందము.