కారు బుస



ముప్పది యేండ్లు వ్యాకరణము చెప్పి విశ్రాంతి గైకొన్నవాడు మోటారు యంత్రమును గూర్చి ప్రసంగించుట మీకు విడ్డూరముగ దోచవచ్చును. దీనికి గారణము మా మనుమడు. మాది అమరావతి చెంతనున్న పల్లె. నిరుడు మిరపకాయలు కళ్లమునుండి గుంటూరు యార్డునకు దరలిన పిమ్మట చేతికి వచ్చిన సొమ్ములో కొంత తీసి, వాడు తన పెట్రోలు కారునకు ‘డంపు వాల్వు’ అను పరికరమును బిగింపించెను. ఆ సొమ్ము నిజమునకు పురుగుమందుల కొట్టు బాకీ తీర్పవలసినది. ఆనాటినుండి గేరు మార్చినపుడెల్ల బండి త్రాచుపామువలె బుసకొట్టసాగెను. వీధిపిల్లలు మెచ్చుకొనిరి. రచ్చబండమీది పెద్దలు నన్ను బిలిచి, “పంతులుగారూ, ఇది బలమా, రోగమా?” యని యడిగిరి. నాకు దెలియదని యొప్పుకొని, తెలిసికొనుటకు బూనుకొంటిని.

ఇంజను పొగగొట్టమునుండి వెడలు వేడి వాయువు ఊరక పోవునది. దానిచే నొక చక్రమును ద్రిప్పి, అదే యిరుసున కావలికొసనున్న మఱియొక చక్రముచే గాలిని నొక్కి ఇంజనులోనికి బంపినచో చిన్న ఇంజను పెద్దదాని పని చేయును. ఇదియే టర్బోచార్జరు. స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్‌ఫ్రెడ్ బ్యూఖి యను ఇంజనీరు 1905లో దీనికి పేటెంటు పొందెను. కార్లలోనికి 1962లో, అమెరికాలో, వచ్చెను. ఇప్పుడు మన యూళ్లలో తిరుగు కార్లలో ననేకములకు గలదు.

పెట్రోలు ఇంజనునకు గాలి వచ్చు వాకిట నొక తలుపు గలదు. దానిని థ్రాటిల్ అందురు. పెడలు త్రొక్కిన తెఱచుకొనును, కాలెత్తిన మూసికొనును. టర్బో చక్రము నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగుచుండగా ఈ తలుపు చటాలున మూతపడినచో, నొక్కబడి వచ్చుచున్న గాలి యెచటికి బోవును? వెనుకకు మఱలి చక్రపు ఱెక్కలను దాకును. ఇరుసునకును బేరింగులకును అది దెబ్బ. మన చెఱువులకు అలుగు ఎందుకు గట్టిరో మీకు నేను జెప్పనక్కఱలేదు. తూము మూసియుండగా పైనుండి నీరు వచ్చిపడుచున్నచో, అలుగు లేని చెఱువుకట్ట తెగును. డంపు వాల్వు గాలికి గట్టిన అలుగు. తలుపు మూతపడగనే దానికి ఇంజనువైపున పీల్చుబలము పుట్టును. ఆ బలము సన్నని రబ్బరుగొట్టము ద్వారా వాల్వులోని పొరను లాగును. స్ప్రింగు అణగి, వాల్వు తెఱచుకొని, గాలి వెడలిపోవును.

ఇంతవఱకు చిక్కులేదు. అలుగు దాటిన నీరు ఎచట బడవలెను? చిక్కంతయు నిచటనే యున్నది. కారు చేసినవారు సాధారణముగ ఆ గాలిని మరల చక్రమునకు ముందున్న గొట్టములోనికే మఱలింతురు, చప్పుడు వినబడదు. మావాడు కొన్నది గాలిని బయటికి విడుచు రకము. కొన్ని కార్లలో లోనికి వచ్చు గాలిని మొదటనే కొలిచి, దానికి దగిన పెట్రోలును కంప్యూటరు విడుచును. కొలిచిన గాలి నడుమ బయటికి బోయినదని దానికి దెలియదు. కాటామీద మిరపటిక్కీలు తూచి, దారిలో రెండు దింపివేసి, మొత్తమునకు లెక్క వ్రాసినట్లు. గాలి తక్కువై పెట్రోలు ఎక్కువగును, బండి కుదుపును, పొగగొట్టపు కొస మసిబాఱును, పొగను శుద్ధిచేయు కన్వర్టరునకు చేటు. మానిఫోల్డులోని పీడనమును మాత్రమే కొలుచు కార్లకు ఈ లెక్కచిక్కు లేదు. తన కారు దేనిని గొలుచునో మావాడు అడుగలేదు, బిగించినవాడు చెప్పలేదు.

దీనికి దోడు ఆ వాల్వు స్ప్రింగు మెత్తనిది. బండి నిలిచి ఇంజను మెల్లగ దిరుగుచున్నపుడు సైతము వాల్వు కొంత తెఱచుకొని, వడపోత లేని గాలిని లోనికి బీల్చెను. మన నల్లరేగడి దుమ్ము ఎట్టిదో, కళ్లముల కాలమున అది యెంత లేచునో మీరెఱుగుదురు. రెండు నెలలకే ఇంజను నిలుకడ తప్పెను.

డీజిలు కారున్నవారు వేఱుగ వినవలెను. డీజిలు ఇంజను వేగము సాధారణముగ నూనె మోతాదుచే నడచును గాని గాలితలుపుచే గాదు. కాలెత్తినను గాలికి దారి మూతపడదు. కట్టయే లేనిచోట అలుగెందులకు? అయినను డీజిలు కార్లకును ఈ వాల్వులమ్ముచునే యున్నారు. పీల్చుబలము లేదు గనుక పెడలువద్ద స్విచ్చు పెట్టి విద్యుత్తుచే వాల్వును దెఱపింతురు. అది కేవలము బుసకొఱకే. తర్కశాస్త్రమున ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములు నాలుగు. అందు శబ్దమనగా ఆప్తుని మాట. మా మనుమడు శబ్దమనగా చప్పుడని యర్థము చెప్పికొనెను!

వాల్వు మార్చుటయే తప్పని నేననను. పాతబడిన వాల్వులో రబ్బరుపొర చినిగి, నొక్కిన గాలి కాఱిపోయి, బండి యీడ్పు తగ్గుట కలదు. అప్పుడు గాలిని మరల లోనికే పంపు రకములో గట్టిదానిని దెచ్చి, ఇంజను చల్లారిన పిమ్మట బిగింపవచ్చును. వాల్వు థ్రాటిల్‌నకు ముందున్న గొట్టముమీద నుండవలెను. సన్నగొట్టము థ్రాటిల్ దాటిన చోటినుండి రావలెను. ఈ రెండవది తప్పినచో వాల్వు తెఱచుకొనవలసినపుడు తెఱచుకొనదు.

చట్టము సంగతియు నున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను తయారీదారు వివరములకు భిన్నముగ బండిని మార్పగూడదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే నొక్కి చెప్పెను. ఆ యేటి సవరణచట్టము అనుమతిలేని మార్పు ఒక్కొక్కటికి అయిదువేల రూపాయల జుల్మానాగాని, ఆఱునెలలవఱకు ఖైదుగాని, రెండునుగాని యజమానికి విధించుచున్నది. చిన్న వాల్వు దీని క్రిందికి వచ్చునా యని వాదింపవచ్చును. నడిరోడ్డున బండి నాపిన యుద్యోగితో వాదించుట వేఱు.

మావాడు తొలగించిన పాత వాల్వును నా భార్య అటుకమీద డబ్బాలో దాచియుంచెను. దానినే మరల బిగించి, గాలివడపోతను మార్చి, గొట్టములు తుడిపించితిమి. చక్రపు ఱెక్కల యంచులు కొంచెము గీచుకొనిపోయినవని మెకానిక్కు చూపెను, ఇప్పటికి నడచునట. బండి బుసకొట్టుట మానినది. వీధిపిల్లలు నన్ను గోపముతో జూచుచున్నారు. కొట్టు బాకీకి గడువడుగుటకు మా మనుమడు రేపు గుంటూరు పోవుచున్నాడు, బస్సుమీద.