పక్కన నిలబడినవాడూ పనివాడే
(ఎన్నూరులో జరిగిన సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నన్ను సొసైటీల గురించి మాట్లాడమన్నారు. ప్రతి ఏడూ అదే మాట్లాడుతున్నాను, మీరూ ఓపికగా వింటున్నారు. ఈసారి వేరే సంగతి చెప్తాను. చివరికి సొసైటీ దగ్గరికే వస్తాను లెండి, కంగారు పడకండి.

పోయిన సంక్రాంతికి మనవాళ్లలో ఒకతను నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "అన్నా, నలుగురిలో తలెత్తుకోలేకుండా ఉన్నాను. మావాడు డిగ్రీ చదివి ఒక పాటల ట్రూపు వెంట తిరుగుతున్నాడు. పాడేవాడా అంటే కాదు, వాయించేవాడా అంటే కాదు. వ్యాను తోలతాడు, స్పీకరు పెట్టెలు మోస్తాడు, వాళ్లకి కాఫీ తెచ్చిస్తాడు. మగ్గం గుంటలోంచి లేపి చదివించింది ఇందుకా?" అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

నాకూ వెంటనే ఏం చెప్పాలో తోచలేదు. ఇంటికి వెళ్లి మా మనవడితో అంటే, వాడు నవ్వి, "తాతా, నీల్ ఆస్పినాల్ అని ఒకాయన ఉండేవాడు, ఆయన సంగతి విను" అన్నాడు. ఆ పాటలు నాకు తెలియవు. ఆ మనిషి కథ మాత్రం నాకు బాగా ఎక్కింది.

ఇంగ్లాండులో లివర్‌పూల్ అని ఓడరేవు ఊరు. మన ఎన్నూరులాగే ఓడలు, గోదాములు, కూలీ జనం. అక్కడ నలుగురు కుర్రాళ్లు బీటిల్స్ అనే పేరుతో పాటల బృందం పెట్టారు. ప్రపంచమంతా ఊగిపోయింది. 1968లో మన రిషీకేశ్‌కి వచ్చి ధ్యానం నేర్చుకున్నది వాళ్లే. ఈ ఆస్పినాల్ 1941లో పుట్టాడు. ఆ నలుగురిలో ఇద్దరితో ఒకే బడిలో చదివాడు. తర్వాత లెక్కల ఆఫీసులో పని నేర్చుకునే కుర్రాడుగా చేరాడు.

అప్పటికి బృందానికి పేరూ లేదు, డబ్బూ లేదు. ఇతను 80 పౌన్లు పెట్టి ఒక పాత వ్యాను కొన్నాడు. కచేరీకి తీసుకువెళ్లినందుకు ఒక్కొక్కరి దగ్గర 5 షిల్లింగులు తీసుకునేవాడు. 1961లో లెక్కల ఉద్యోగం మానేసి పూర్తిగా వాళ్ల వెంటే తిరిగాడు. ఆ రోజు వాళ్ల నాన్న కూడా మన తమ్ముడిలాగే బాధపడ్డాడేమో!

వ్యాను తోలేవాడు కాస్తా నమ్మకం మీద వాళ్ల సొంత మనిషి అయ్యాడు. ఎవరికి ఏం కావాలి, ఎవరిని లోపలికి రానివ్వాలి, అంతా ఆయనే. 1964లో అమెరికా టీవీలో మొదటి కార్యక్రమం. రిహార్సల్ రోజు ఒకతనికి ఒంట్లో బాగాలేకపోతే, ఆ స్థానంలో ఈయన్ని నిలబెట్టి కెమెరాలు సరిచూసుకున్నారు. ఖాళీ ఎక్కడుంటే అక్కడ నిలబడడమే ఆయన పని.

1967లో బృందం మేనేజరు చనిపోయాడు. మరుసటి ఏడు వాళ్లు ఆపిల్ అనే కంపెనీ పెట్టారు. దాన్ని నడిపే బాధ్యత ఈయన మీద పడింది. 1970కల్లా బృందమే విడిపోయింది. నలుగురూ ఒకరి మీద ఒకరు కోర్టులకు ఎక్కారు. మన ఇళ్లలో అన్నదమ్ముల పంపకాలు చూశాం కదా, అలాగే. అప్పుడు కూడా ఈయన ఒకరి వైపు చేరలేదు. నలుగురికీ చెందిన ఆస్తిని 2007 వరకు, అంటే సుమారు 40 ఏళ్లు కాపాడాడు.

ఎలా కాపాడాడు? రెండు పనులు చేశాడు. ఒకటి, ఎక్కడెక్కడో చెదిరిపోయిన పాత ఫిల్ము ముక్కలు, ఫొటోలు పోగుచేశాడు. అవి చాలా ఏళ్లు ఊరికే ఉన్నాయి. 1995లో వాటితోనే బృందం చరిత్ర టీవీలో వచ్చింది, మళ్లీ కోట్ల వ్యాపారం అయింది. రెండోది, పేరు కాపాడాడు. కంప్యూటర్ల ఆపిల్ కంపెనీ మీకు తెలుసు, మన పిల్లలు ఆ ఫోను కావాలని ప్రాణాలు తీస్తారు. ఆ పేరు ముందు మాది అని వీళ్లు కోర్టుకు వెళ్లారు. 1981లో ఒక రాజీ, 1991లో 2 కోట్ల 60 లక్షల డాలర్లకు పైగా ఇంకో రాజీ. 2006లో లండన్ కోర్టులో మాత్రం ఓడిపోయారు. ఆ మరుసటి ఏడు చివరి ఒప్పందంలో పేరు హక్కులు కంప్యూటర్ కంపెనీకే వెళ్లాయి. అన్నీ గెలిచాడని నేను చెప్పను. అడగాల్సిన రోజున కాగితం చేతిలో పెట్టుకుని అడిగాడు, అంతే. 2008లో న్యూయార్కులో కన్నుమూశాడు.

ఇంత దూరం ఎందుకు, మన మద్రాసులోనే ఏ.ఎం. రత్నం గారు లేరా? విజయశాంతి గారికి మేకప్ మ్యాన్. అద్దం ముందు ఆమె కనబడతారు, వెనక నిలబడినవాడు కనబడడు. ఆయనే నిర్మాత అయి 1990లో 'కర్తవ్యం' తీశారు. ఆమెకు జాతీయ అవార్డు వచ్చింది. 1996లో 'భారతీయుడు', 2001లో 'ఖుషి' ఆయన తీసినవే. తెలుగులోనూ తమిళంలోనూ పెద్ద నిర్మాత అయ్యారు.

ఇప్పుడు మన మాటకు వస్తాను. చీర చూసి నేత బాగుంది అంటారు. ఆసు పోసిందెవరు, కండెలు చుట్టిందెవరు అని ఎవరూ అడగరు. నాడెలో కండె లేకపోతే నాడె ఇటు నుంచి అటు వంద సార్లు పరుగెత్తినా గుడ్డ రాదు. మా ఇంట్లో 30 ఏళ్లు కండెలు చుట్టింది మా ఆవిడ. సభ్యుల పుస్తకంలో పేరు మాత్రం నాది. ఇది న్యాయమా అని నన్ను నేనే అడుగుతున్నాను.

ఇంకో తప్పు ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట ఒక షాపువాళ్లు పవర్‌లూమ్ చీరలకు మా సొసైటీ పేరు చెప్పి అమ్ముతున్నారని తెలిసింది. వెళ్లి గొడవపడ్డాం. "ఈ అంచు మీదే అని రుజువేముంది? పాత నమూనా చూపించండి" అన్నారు. మా దగ్గర ఏముంది? అంతకు ముందు ఏడే ఆఫీసుకు సున్నం వేయిస్తూ, చెదలు పట్టాయని పాత డిజైను పుస్తకాలు, నమూనా గుడ్డలు, బిల్లు కట్టలు పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేశాం. ఇమ్మని చెప్పింది నేనే. తల వంచుకుని తిరిగి వచ్చాం. ఆ అంచు నేసిన పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

పోచంపల్లివాళ్లు 2005లో, ఉప్పాడ జాందానీవాళ్లు 2009లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారంటే, ఇది మా ఊరి నేత అని కాగితాలతో చూపించబట్టే కదా. 1985 చట్టం కొన్ని రకాలు చేనేతకే అని రాసిపెట్టింది. 2006లో చేనేత మార్కు వచ్చింది. 2015 ఆగస్టు 7న మొదటి జాతీయ చేనేత దినం ఈ చెన్నైలోనే జరిపారు. చట్టాలు ఉన్నాయి, మార్కులు ఉన్నాయి. చూపించడానికి మన చేతిలో ఏముంది అన్నదే ప్రశ్న.

అందుకని మూడు మాటలు అడుగుతాను. మీ ఇంట్లో అమ్మమ్మ చీర, నాయనమ్మ చీర ఏదున్నా పారేయకండి. అంచు, కొంగు ఫోనులో ఫొటో తీసి, నేసినవాళ్ల పేరు, ఊరు రాసి సమాఖ్యకు పంపండి. రెండోది, ఆసు పోసేవాళ్లను, కండెలు చుట్టేవాళ్లను సభ్యుల పుస్తకంలోకి ఎక్కించే తీర్మానం మా సొసైటీలో నేనే పెడతాను, మీ మీ సొసైటీల్లో మీరూ పెట్టండి. మూడోది, మగ్గం వదిలి ఫ్యాక్టరీకో, రేవుకో, ట్రూపు వెంటో పోయిన పిల్లల్ని చిన్నచూపు చూడకండి. లెక్క రాయడం, కాగితం దాచడం, నోరు కట్టుకుని ఉండడం, ఈ మూడూ నేర్పి పంపండి.

ఆ తమ్ముడు ఇక్కడే మూడో వరసలో కూర్చున్నాడు. తమ్ముడూ, ఈ రాత్రి నీ కొడుక్కి ఫోను చెయ్యి. తిట్టడానికి కాదు. "పెట్టెలు జాగ్రత్తగా మోశావా, లెక్క రాసుకున్నావా, అన్నం తిన్నావా" అని అడుగు. చాలు.