మన ఇల్లు ఎంత పలుకుతుంది?
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసంతా ఇంజనీరింగు శాఖలో ఎస్టిమేట్లు వేసినవాణ్ణి కాబట్టి, రిటైరయ్యాక కూడా మిత్రులు "మా ఇల్లు ఎంత చేస్తుందండీ?" అని అడుగుతూనే ఉన్నారు. ఈ మధ్య అడిగిన మిత్రుని విషయమే చెబుతాను. 200 గజాల స్థలం, అందులో 1000 చదరపు అడుగుల డాబా, వయస్సు 30 ఏళ్ళు. ఇల్లు కొడుకు ఉంచుకుని చెల్లెలికి సగం సొమ్ము ఇవ్వాలని అనుకున్నారు. కుర్రవాడు సబ్ రిజిస్ట్రారు ఆఫీసు విలువ గజం 25,000 పట్టుకుని, 50 లక్షలు తేల్చి, 25 లక్షలు ఇస్తానన్నాడు.

ఆ విలువ స్టాంపు డ్యూటీ కోసం పెట్టినది. అమ్మకం ధర వేరు. సరే, పక్కవాళ్ళ దస్తావేజులు చూద్దామంటే వాటిలోనూ అసలు ధర రాయనివారు ఉంటారు (మనకు తెలియని సంగతా!). అందుకని ఆ వీధిలో ఏడాదిలోపు బ్యాంకు లోను మీద కొన్నవారిని వాకబు చేశాను. లోను ఎక్కువ కావాలి గనుక వాళ్ళు పూర్తి ధరే చూపిస్తారు. మూడు అమ్మకాలు దొరికాయి. రోడ్డు వెడల్పు, వీధిశూల, తూర్పు ముఖం తేడాలు సర్దితే గజం 40,000 తేలింది. స్థలం 80 లక్షలు.

ఇక కట్టడం. ఇవాళ కడితే అడుగుకు 2,000 చొప్పున 20 లక్షలు. స్లాబు ఇంటి ఆయుష్షు 60 ఏళ్ళనుకుని, చివరికి పాతసామాను కింద పదోవంతు మిగులుతుందనుకుంటే, 30 ఏళ్ళకు తరుగుదల నూటికి 45. మిగిలేది 11 లక్షలు. మొత్తం 91 లక్షలు. అపార్టుమెంటు కట్టేవాడికి అమ్మితే ఆ 11 లక్షలూ రావు, వాడికి కావలసింది స్థలమే. మనం ముచ్చటపడి వేయించుకున్న టేకు తలుపులకు అక్కడ విలువ లేదు. కానీ కొడుకు కాపురం ఉంటాడు గనుక లెక్కలో ఉంచాను.

చెల్లెలి వాటా 45 లక్షల 50 వేలు. కుర్రవాడు కాగితం రెండుసార్లు చూసుకుని, "ఒక్కసారిగా ఇవ్వలేను, మూడేళ్ళలో ఇస్తాను" అన్నాడు. అమ్మాయి ఒప్పుకుంది. దంపతులిద్దరూ బతికున్నంతకాలం ఆ ఇంట్లో ఉండే హక్కు నిలుపుకునే దస్తావేజు రాయించారు. ఆ షరతు మాత్రం ఎవరూ వదలకండి.

నగల సంగతి అడిగారు. రాళ్ళు, లక్క తీసిన తూకమే తూకం. 22 క్యారెట్లయితే వెయ్యికి 916 పాళ్ళు బంగారం. కొన్నప్పుడు ఇచ్చిన తరుగు, మజూరీ తిరిగి రావు.

ఇళ్ళ లెక్క కావలసినవారు నన్ను కలవవచ్చు. జిరాక్సు ప్రతులే తీసుకురండి, అసలు దస్తావేజులు బీరువాలోనే ఉండనివ్వండి.