హరిపుర పోస్టర్లు

రాజకీయ సభ అనగానే నాయకుల నిలువెత్తు బొమ్మలే గుర్తొస్తాయి కదా! 1938లో గుజరాత్‌లోని హరిపురలో సుభాష్ చంద్రబోస్ అధ్యక్షతన కాంగ్రెస్ మహాసభ జరిగింది. ప్రాంగణం అలంకరించే పని గాంధీజీ శాంతినికేతన్ చిత్రకారుడు నందలాల్ బోస్‌కు అప్పగించారు. ఆయనా, శిష్యులూ కలిసి సుమారు 400 పోస్టర్లు తయారుచేశారు. వాటిలో నాయకుల ముఖాల కోసం వెతక్కండి. డోలు కొట్టేవాడు, చెప్పులు కుట్టేవాడు, ధాన్యం దంచే ఆడవాళ్లు కనిపిస్తారు. చేతికాగితం, మట్టిరంగులు, ఒక్క విసురున లాగినట్టుండే లావుపాటి గీత. డోలువాడి ఒంటి వంపు చూస్తుంటే దరువు వినపడుతుంది. నినాదాల కన్నా ఇదే ఘాటైన రాజకీయం అనిపిస్తుంది నాకు. అప్పుడు ఆ బొమ్మలు గ్యాలరీ గోడలెక్కలేదు. సభకొచ్చిన రైతులు ద్వారాల దగ్గర, పందిళ్ల దగ్గర నడుస్తూ చూశారు, తమలాంటి వాళ్లనే.